ఓడిపోతున్న కంపెనీ కార్డే కొనండి

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకున్నవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే. జేబులో ఎంతుందో చూసుకో, ఆ డబ్బుకు ఎక్కువ ఫ్రేములు ఎవరిస్తే వాళ్ల కార్డు తీసుకో. ఇందులో తప్పేముందని మీరు అడగొచ్చు. నేను చెప్పబోయేవి దీనికి అడ్డం తిరిగే సలహాలు. చదివినవాళ్లలో సగం మంది నాకు లెక్కలు రావనుకుంటారు. అయినా చెప్తాను. ఇందులో ఇంకో లెక్క ఉంది, దాన్ని వెయ్యడం మనం మానేసి చాలా కాలమైంది.

2020 సెప్టెంబరులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 బ్రిటన్‌లో 649 పౌండ్లకు వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 2022 నవంబరులో, దాని తర్వాతి తరం 4080 వచ్చింది. దాని ధర 1,269 పౌండ్లు. పేరులో మారింది ఒక్క అంకె, ధర దాదాపు రెట్టింపు. పౌండు విలువ పడిపోవడం కొంత కారణం, చిప్ తయారీ ఖర్చు పెరగడం కొంత. కానీ పక్కన గట్టి పోటీదారు ఉంటే ఏ కంపెనీ అయినా అలాంటి ధర పెట్టేముందు జంకుతుంది. 2025 మధ్యకొచ్చేసరికి విడిగా అమ్ముడయ్యే కార్డుల్లో ఎన్‌విడియా వాటా 90 శాతం దాటిందని జాన్ పెడీ రీసెర్చ్ లెక్క తేల్చింది. ఆ వాటాను ఎవరూ లాక్కోలేదు. ఒక్కో కార్డు చొప్పున మనమే అప్పగించాం.

పది శాతం ఫ్రేములు తగ్గినా రెండోవాడి దగ్గరే కొనండి

లండన్ యూస్టన్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి వాట్‌ఫర్డ్ దాటితే కింగ్స్ లాంగ్లీ అనే చిన్న ఊరు వస్తుంది. స్టేషన్‌కు దగ్గర్లోనే ఇమాజినేషన్ టెక్నాలజీస్ ఆఫీసు. 1999 వరకు దాని పేరు వీడియోలాజిక్. గ్రాఫిక్స్ కార్డంటే అమెరికా కంపెనీలే అనుకునేవాళ్లు ఈ ఊరి చరిత్ర ఒకసారి తెలుసుకోవాలి.

తొంభైల నడుమ ఈ వ్యాపారంలో త్రీడీఎఫ్ఎక్స్, ఎస్3, మాట్రాక్స్, రెండిషన్, ఏటీఐ, ఎన్‌విడియా, సర్రేలోని త్రీడీల్యాబ్స్, ఇంకా ఎందరో ఉండేవాళ్లు. డెర్బీలో కోర్ డిజైన్ వాళ్లు 1996లో టూంబ్ రైడర్ తెచ్చినప్పుడు ఒక్కో కంపెనీ కార్డుకు ఒక్కో ప్రత్యేక రూపం విడుదల చెయ్యాల్సి వచ్చింది. ఆడేవాడికి అది తలనొప్పే, కాదనను. ఆ గందరగోళం వల్లే ధరలు నేలమీద ఉండేవి, ఆరు నెలలకోసారి కొత్త ఆలోచన పుట్టేది.

అలా పుట్టిందే కింగ్స్ లాంగ్లీ వాళ్ల పవర్‌విఆర్. మిగతా కార్డులు తెర మీద వెనకనున్న వస్తువు దగ్గర్నుంచి ముందున్న దానిదాకా అన్నిటికీ రంగులు వేసేవి, కనిపించనివాటితో సహా. బీరువా వెనకాల గోడకు కూడా శ్రద్ధగా రంగు వేసి, తర్వాత బీరువా తెచ్చి అడ్డంపెట్టినట్టు. పవర్‌విఆర్ తెరను చిన్నచిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో చివరికి కంటికి కనిపించేదేదో ముందే తేల్చుకుని, దానికే రంగు వేసేది. పని తగ్గేది కాబట్టి ఖరీదైన మెమరీ అక్కర్లేదు. ఈ చిప్‌ను నమ్మే సెగా తన డ్రీమ్‌కాస్ట్‌లో పెట్టింది. కానీ అదే సమయంలో పీసీలకు రావాల్సిన నియాన్ 250 కార్డు ఆలస్యమై, 1999 చివర్లో ఎన్‌విడియా జీఫోర్స్ 256తో పాటు బయటికొచ్చి, దాని ముందు వెలవెలబోయింది.

రెండో అవకాశం 2001లో వచ్చింది. పవర్‌విఆర్ డిజైన్‌తో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ తయారుచేసిన కైరో 2 చిప్‌ను వాడి హెర్క్యులీస్ కంపెనీ 3డీ ప్రొఫెట్ 4500 కార్డు తెచ్చింది. కైరో 2 నడిచే వేగం 175 మెగాహెర్ట్జ్, అందులో వాడింది మామూలు ఎస్‌డీర్యామ్. ట్రాన్సిస్టర్లు కోటిన్నర. దానికి ఎదురుగా ఉన్న జీఫోర్స్ 2 జీటీఎస్‌లో రెండున్నర కోట్లు, పైగా ఖరీదైన డీడీఆర్ మెమరీ. అయినా పెద్ద రిజల్యూషన్‌లో, 32 బిట్ రంగుల్లో, కొన్ని ఆటల్లో ఈ చౌక కార్డు జీటీఎస్‌ను దాటిపోయింది. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ ఏడే కైరో 2ను ఎందుకు కొనకూడదో వివరిస్తూ ఎన్‌విడియా తయారుచేసిన ఒక పత్రం బయటికి పొక్కింది. పెద్ద కంపెనీ అంత శ్రమపడిందంటే చిన్న కంపెనీ సరుకులో దమ్మున్నట్టే.

అందులో కైరోకు ముఖ్యంగా తగిలిన దెబ్బ, హార్డ్‌వేర్ టీ అండ్ ఎల్ అనే సౌకర్యం దానిలో లేకపోవడం. ఆనాటి ఆటల్లో అది లేకపోతే అసలు నడవనివి తక్కువ. కానీ రేపు వస్తాయన్న భయం కొనేవాళ్లలో గట్టిగా నాటుకుపోయింది. ఎస్‌టీ కంపెనీకి తన కారణాలు తనకున్నాయి, 2002లో గ్రాఫిక్స్ నుంచి తప్పుకుంది. కైరో 3 రాలేదు. త్రీడీఎఫ్ఎక్స్ అప్పటికే 2000 డిసెంబరులో తన ఆస్తులను ఎన్‌విడియాకు అమ్మేసుకుంది. పీసీ ఆటల మార్కెట్లో చివరికి మిగిలింది ఇద్దరు: ఎన్‌విడియా, తర్వాత ఏఎమ్‌డీలో కలిసిపోయిన ఏటీఐ.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇంకోటుంది. కింగ్స్ లాంగ్లీ ఆలోచన తప్పు కాదు. 2007లో మొదటి ఐఫోన్‌లో బొమ్మ గీసింది పవర్‌విఆరే. గళ్లుగా విడగొట్టి గీసే పద్ధతికి దగ్గరిదాన్ని ఎన్‌విడియా కూడా 2014 నాటి మాక్స్‌వెల్ చిప్‌లలో వాడింది. ఆలోచన గెలిచింది, దాన్ని తెచ్చిన కంపెనీకి పీసీలో చోటు లేకుండా పోయింది. తర్వాత ఎక్కువగా ఆపిల్ మీదే ఆధారపడి, 2017లో ఆపిల్ ఇక మీ డిజైన్లు వద్దనగానే షేరు ఒక్కరోజులో సగానికి పైగా కూలి, అదే ఏడు 55 కోట్ల పౌండ్లకు కాన్యన్ బ్రిడ్జ్ చేతికి పోయింది. పీసీల్లో నాలుగు డబ్బులు వచ్చే దారి మిగిలుంటే ఆ కంపెనీ ఒక్క కొనుగోలుదారు మీద అంతగా ఆధారపడాల్సి వచ్చేది కాదని నా నమ్మకం.

కాబట్టి నా మొదటి సలహా: మీకు కావలసిన పనికి సరిపోతే చాలు, వాటా తక్కువున్నవాడి కార్డు కొనండి. పది శాతం నెమ్మదైనా సరే, ఇరవై పౌండ్లు ఎక్కువైనా సరే. రేపటి ఆటల పేరు చెప్పి ఇవాళ డబ్బు అడిగే సౌకర్యానికి ఒక్క పౌండు కూడా అదనంగా ఇవ్వకండి. 2018 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 2080 అమ్మకానికొచ్చిన రోజున రే ట్రేసింగ్ వాడిన ఆట ఒక్కటీ లేదు. బ్యాటిల్‌ఫీల్డ్ 5కు ఆ అప్‌డేట్ నవంబరులో వచ్చింది. ఆ ఆటలు వచ్చాకే కొనొచ్చు, అప్పటికి కార్డూ మెరుగవుతుంది.

ఏఎమ్‌డీ వల్ల ధర తగ్గాలని ఎదురుచూసి ఎన్‌విడియా కొనకండి

ఇది మనలో చాలామందికి ఉన్న అలవాటు. ఏఎమ్‌డీ మంచి కార్డు తెస్తే బాగుండు, ఎన్‌విడియా ధర దించుతుంది, అప్పుడు ఎన్‌విడియా కొనుక్కోవచ్చు. తెలివైన ఎత్తే. 2008 జూన్‌లో అచ్చంగా పనిచేసింది కూడా. ఏఎమ్‌డీ అప్పుడు రేడియాన్ హెచ్‌డీ 4870ని 299 డాలర్లకు తెచ్చింది. 649 డాలర్లకు అమ్ముతున్న జీటీఎక్స్ 280ను ఎన్‌విడియా కొద్ది వారాల్లోనే 499కి దించాల్సి వచ్చింది. 2019 జులైలోనూ అదే ఆట. ఏఎమ్‌డీ 5700 ఎక్స్‌టీ విడుదలకు ముందు ఎన్‌విడియా సూపర్ కార్డులు తెచ్చింది, ఏఎమ్‌డీ అమ్మకం మొదలుకాకముందే 449 డాలర్ల ధరను 399 చేసింది.

ధర దింపించినవాడి దగ్గర మనం కొనకపోతే, మరోసారి దింపించే ఓపిక వాడికెక్కడుంటుంది? పోటీకి దిగిన ప్రతిసారీ లాభం తగ్గి, వాటా పెరగకపోతే, ఏ కంపెనీలోనైనా లెక్కలు చూసేవాళ్లు ఒక మాట అంటారు: ఎన్‌విడియా ధరకు యాభై డాలర్లు తక్కువ పెట్టి కూర్చుందాం, కొనేవాడు కొంటాడు. ఈమధ్య ఏఎమ్‌డీ ధరలు చాలాసార్లు అలాగే ఉన్నాయి. అలా నేర్పింది మనమే.

నేను ఏఎమ్‌డీ అభిమానిని కాను. అభిమానంతో కొనమనీ చెప్పట్లేదు. 2025లో ఎన్‌విడియా 5060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ కార్డులు రెండూ అమ్మింది. కొద్ది వారాలకే 9060 ఎక్స్‌టీ పేరు మీద ఏఎమ్‌డీ కూడా సరిగ్గా అదే చేసింది. రేపు ఏఎమ్‌డీ వాటా 60 శాతం దాటితే అప్పుడు నా సలహా ఎన్‌విడియా కొనమనే. చూడాల్సింది కంపెనీ పేరు కాదు, దాని వాటా.

మీరు ఆడే ఆట మీ మానిటర్‌కు సరిపోతుంటే కార్డు మార్చకండి

మా అక్క కొడుకు లెస్టర్‌లో ఎమ్మెస్సీ డేటా సైన్స్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేశాడు.

"మామయ్యా, 5070 టీఐ తీసుకోనా, 9070 ఎక్స్‌టీ తీసుకోనా?"

"ఇప్పుడేముంది నీ దగ్గర?"

"3060. పన్నెండు జీబీది."

"ఏం ఆడతావురా?"

"ఎక్కువ వేలరెంట్. వీకెండ్‌లో ఎఫ్‌సీ."

"వేలరెంట్‌లో ఎన్ని ఫ్రేములొస్తున్నాయి?"

"రెండొందల దాకా వస్తాయి."

"మానిటర్?"

"144 హెర్ట్జ్." కాసేపు ఆగాడు. "రూమ్‌లో అందరూ మార్చేశారు మామయ్యా."

వాడికి లెక్క వేసి చూపించాను. 2025 మొదట్లో ఆ రెండు కార్డులూ వచ్చినప్పుడు ఇక్కడ బ్రిటన్‌లో ప్రకటించిన ధరలు 729 పౌండ్లు, 569 పౌండ్లు. ఆ ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. అంటే తక్కువ ధర కార్డుకే రెండు వారాల జీతం సరిపోదు, ఎక్కువ ధర కార్డుకు మూడు వారాలది కావాలి. దానితో వచ్చే అదనపు ఫ్రేములను వాడి మానిటర్ చూపించనే లేదు. "కోర్సుకు కూడా పనికొస్తుంది కదా, క్యూడా కావాలి కదా" అన్నాడు. ఇంట్లో నాన్నగారికి చెప్పే కారణం కూడా అదే. క్యూడా, అంటే ఎన్‌విడియా కార్డుల మీద నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్, నిజంగా కావాలి, కాదనను. కానీ కోర్సు పనికి యూనివర్సిటీ ల్యాబుల్లో యంత్రాలుంటాయి, గంటల లెక్కన అద్దెకు దొరికేవీ ఉంటాయి. వాడి 3060లో కూడా క్యూడా ఉంది. పైగా 12 జీబీ మెమరీ. దాని తర్వాత వచ్చిన 4060లో 8 జీబీయే.

వాడిప్పటికీ 3060 మీదే ఆడుతున్నాడు.

ఇలా కూర్చోవడం వట్టి పొదుపు కాదు, దానికి మార్కెట్లో బరువుంది. స్టీమ్ నెలనెలా వేసే హార్డ్‌వేర్ లెక్కల్లో జీటీఎక్స్ 1060 ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉంది, 2022 చివర్లో గానీ దిగలేదు. పాస్కల్ అనే ఆ 10 సిరీస్ తరం వాళ్లు 2018లో వచ్చిన ఖరీదైన 20 సిరీస్‌ను చాలామంది వదిలేశారు. 2020 సెప్టెంబరులో 30 సిరీస్ వేదిక మీద ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ప్రత్యేకంగా పాస్కల్ వాళ్లను పేరు పెట్టి పిలిచి, ఇక మీరు నిశ్చింతగా మారొచ్చని చెప్పాల్సి వచ్చింది. ఎదురుచూస్తున్నవాళ్లను ఆకట్టుకోవడానికే 3080 ధర పాతదాన్ని దాటకుండా పెట్టారని నేననుకుంటాను. 1,199 డాలర్ల 4080ని కొనడానికి జనం ముందుకు రాకపోతే, 2024 జనవరిలో కాస్త మెరుగైన 4080 సూపర్ 999కే వచ్చింది.

అయితే ఆ ఆయుధం మొద్దుబారుతోంది. 2019 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్‌విడియా ఆదాయంలో సగానికి పైగా ఆటలదే. 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో మొత్తం 13,050 కోట్ల డాలర్లలో ఆటల వాటా 1,135 కోట్లు, అంటే తొమ్మిది శాతం లోపు. మిగతాదాంట్లో అత్యధికం ఏఐ డేటా సెంటర్లది. ఈస్ట్ హామ్‌లో, స్లౌలో మనం కార్డు కొనకుండా ఒక ఏడాది ఆగితే అక్కడ ఎవరికీ తెలియదు. అదే ఏఎమ్‌డీకి 2024లో ఆటల విభాగం మొత్తం, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ చిప్‌లతో కలిపి, 260 కోట్ల డాలర్లు. కొత్తగా ఈ పోటీలోకి దిగిన ఇంటెల్ ఆర్క్‌ది ఇంకా చిన్న అడుగు. మనం కొనే ఒక కార్డు అక్కడ కనిపిస్తుంది. కొనకపోవడం కన్నా ఎవరి దగ్గర కొంటామన్నదే ఇప్పుడు ముఖ్యం అనడానికి నాకున్న బలమైన కారణం ఇదే.

ప్రభుత్వం చూసుకుంటుందని కూర్చోకండి

ఇక్కడి కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ మంచి పనే చేసింది. 2020 సెప్టెంబరులో కేంబ్రిడ్జ్‌లోని ఆర్మ్ కంపెనీని 4,000 కోట్ల డాలర్లకు కొంటానని ఎన్‌విడియా ప్రకటిస్తే, లోతుగా విచారించింది. అమెరికాలోనూ కేసు పడింది. 2022 ఫిబ్రవరిలో ఆ బేరం రద్దయింది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని మింగబోతే ఆపే అధికారం దానికుంది. జనం వరసగా ఒకే కంపెనీ కార్డు కొంటూ పోతే ఆపే అధికారం ఎవరికీ లేదు.

పాత కార్డును విప్పండి

ఆరేళ్ల కార్డు వేడెక్కి గోల పెడుతుంటే అది చచ్చిపోతోందని అనుకుంటాం. చాలాసార్లు లోపల పేస్టు ఎండిపోయి ఉంటుంది, అంతే. వారంటీ అయిపోయిన కార్డయితే ధైర్యంగా విప్పొచ్చు. వెనక చిప్ చుట్టూ నాలుగు స్ప్రింగ్ స్క్రూలుంటాయి. ఒకదాన్ని పూర్తిగా తియ్యకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా వదులు చెయ్యండి. హీట్‌సింక్‌ను లాగేయకండి, ఫ్యాన్ వైరు బోర్డుకు తగిలించి ఉంటుంది, ముందు దాని కనెక్టర్ ఊడదియ్యండి. పాత పేస్టు బూడిదరంగు పెచ్చులుగా కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో చిప్ అద్దంలా మెరిసేదాకా తుడిచి, కొత్త పేస్టు పలచగా పరచండి. మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవి వెయ్యాలి. మందం తేడా వస్తే హీట్‌సింక్ చిప్‌కో మెమరీకో ఆనదు, కార్డు ఇంకా ఎక్కువ కాలుతుంది. ఈ ఒక్కటి మాత్రం ముందే కొలిచి చూసుకోండి.

తర్వాత ఫ్రేములను మీ మానిటర్ వేగానికి కట్టెయ్యండి. 2025 చివర్లో ఇక్కడ కరెంటు యూనిట్ 25 పెన్నీల పైనే ఉండేది. ఆ లెక్కన 300 వాట్ల కార్డు రోజుకు మూడు గంటలు పూర్తిగా నడిస్తే ఏడాదికి 80 పౌండ్లకు పైగా అదొక్కటే తింటుంది. ఫ్రేములు కట్టేస్తే అందులో మంచి భాగం మిగులుతుంది, ఫ్యాన్ గోలా తగ్గుతుంది. ఆట బరువైతే, తక్కువ రిజల్యూషన్‌లో గీసి తెరకు సరిపడా పెంచే ఎఫ్ఎస్ఆర్ వాడండి. ఏఎమ్‌డీ 2021లో దాన్ని తెచ్చినప్పుడు ఎన్‌విడియా పాత జీటీఎక్స్ 10 సిరీస్ మీద కూడా నడిచేలా చేసింది. ఎన్‌విడియా సొంత డీఎల్ఎస్ఎస్ మాత్రం ఆ కార్డుల మీద నడవదు. మీ పాత కార్డుకు ఆయుష్షు పోసింది దాన్ని తయారుచేయని కంపెనీ అని, మారే రోజున గుర్తుపెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనడాన్ని చిన్నతనంగా చూడకండి

రెండు వందల పౌండ్ల లోపు మార్కెట్‌ను కంపెనీలు మూడూ దాదాపు వదిలేశాయి. అక్కడ వాటికి పోటీ ఇచ్చేది వాటి పాత సరుకే. 2022 సెప్టెంబరు 15న ఎథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో చేసే దాని మైనింగ్ ఆగిపోగానే అంగళ్లలోకి పాత కార్డులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మైనింగ్‌లో వాడినవి వద్దని అందరూ అంటారు. నేను అంత భయపడను. ఫ్యాన్లు అరిగి ఉండొచ్చు, అవి మార్చుకోవచ్చు. కొనేటప్పుడు స్క్రూల తలలు అరిగాయా, పవర్ సాకెట్ దగ్గర ప్లాస్టిక్ రంగు మారిందా చూడండి. రెండో గుర్తు కనిపిస్తే ఎంత చౌకైనా వదిలెయ్యండి.

మనిషి దగ్గర కాకుండా షాపులో కొనండి. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ పాత సామానుకూ వర్తిస్తుంది. 30 రోజుల్లో లోపం బయటపడితే తిరిగిచ్చి మొత్తం డబ్బు అడగొచ్చు. ఆరు నెలల్లోపు అయితే, అమ్మినప్పుడు బాగానే ఉందని నిరూపించుకోవాల్సిన బాధ్యత షాపుదే. తయారీ కంపెనీకి రాసుకోండి అని వాళ్లు పంపించెయ్యబోతే ఒప్పుకోకండి, చట్టం ప్రకారం మీ బేరం షాపుతోనే.

కొత్తది తీసుకోక తప్పని రోజు వచ్చిందనుకోండి. బడ్జెట్ చిన్నదైతే ఇంటెల్ ఆర్క్ బి580 చూడమంటాను. 2024 డిసెంబరులో 249 డాలర్లకు 12 జీబీతో వచ్చింది. 2022లో మొదటి ఆర్క్ కార్డుల డ్రైవర్లు పాత ఆటల్లో బాగా ఇబ్బంది పెట్టిన మాట నిజం, తర్వాత చాలా బాగుచేశారు. ఒక్క హెచ్చరిక. మీ మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేకపోయినా, ప్రాసెసర్ మరీ పాతదైనా ఈ కార్డు వేగం దారుణంగా పడిపోతుంది. అలాంటప్పుడు ఏఎమ్‌డీయే నయం. ఇంతకుమించి బడ్జెట్ ఉన్నవాళ్లకూ నేను ఏఎమ్‌డీయే చెప్తాను, 16 జీబీ ఉన్నది మాత్రమే.

హైదరాబాద్‌లో తమ్ముడికో బావమరిదికో ఇక్కడినుంచి కొత్త కార్డు పట్టుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఎయిర్‌పోర్టులో వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో 2021 జనవరి 1తో పోయింది. అంటే 20 శాతం పన్ను ఇక్కడే కట్టి వెళ్తారు, అక్కడ చెడిపోతే తిరిగి ఇక్కడికే పంపాల్సి రావొచ్చు. వాళ్లను సికింద్రాబాద్ సీటీసీలోనే కొనుక్కోమనండి. మీరు మార్చిన పాత కార్డును మాత్రం అల్మారాలో పడెయ్యకుండా వారంలోపే అమ్మెయ్యండి, కొన్నప్పటి బిల్లు, డబ్బా, సీరియల్ నంబరున్న స్టిక్కరు జతచేసి. అవి ఉంటే షాపువాడు మంచి ధర ఇస్తాడు, రెండు వందల పౌండ్లలో పీసీ కట్టుకోవాలనుకునే ఇంకో కుర్రాడికి ఒక కార్డు దొరుకుతుంది.